రన్‌వే మీది పిట్టను కృత్రిమ మేధ ఎలా గుర్తుపడుతుంది?

కిలో బరువు కూడా లేని పిట్ట అంత పెద్ద విమానానికి ఎందుకు ప్రమాదం?

చిక్కంతా విమానం వేగంతోనే. వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగింతలవుతుంది. అయినా ఒక ఇంజన్ ఆగితే రెండోదానితో దిగేలా విమానాన్ని తయారుచేస్తారు కాబట్టి చాలాసార్లు ఖర్చుతో, ఆలస్యంతో సరిపోతుంది. గుంపు ఎదురై రెండు ఇంజన్లూ దెబ్బతింటే అసలు గండం. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో కెనడా గూస్ అనే పెద్ద బాతులు ఇంజన్లలో పడితే పైలట్ సల్లెన్‌బర్గర్ విమానాన్ని హడ్సన్ నది మీద దించారు. 155 మందీ బతికారు. 2024 డిసెంబర్ 29న దక్షిణ కొరియాలోని ముయాన్‌లో దిగబోతున్న విమానానికి ఆ అదృష్టం లేకపోయింది. పక్షులున్నాయని కంట్రోల్ టవర్ హెచ్చరించిన సుమారు నిమిషానికే పైలట్ల నుంచి ఆపద కబురు వచ్చింది. చక్రాలు దించకుండానే నేలకు దిగిన విమానం రన్‌వే అవతలి కాంక్రీటు దిమ్మెను ఢీకొనడంతో 179 మంది పోయారు. రెండు ఇంజన్లలోనూ బైకాల్ టీల్ అనే వలస బాతు ఆనవాళ్లు దొరికాయి. దిమ్మె అక్కడెందుకుందన్నది వేరే చర్చ. హెచ్చరికకూ ఆపదకూ మధ్య ఉన్నది మాత్రం ఆ ఒక్క నిమిషమే.

ఇంకాస్త ముందే తెలిసేదెలా?

పక్షుల్ని రాడార్ ఎప్పటినుంచో చూస్తోంది. కానీ తెర మీది చుక్క గద్దా, డ్రోనా, పురుగుల దండా అన్నది దానంతట అది చెప్పలేదు. అక్కడే కృత్రిమ మేధ పనికొస్తుంది. పేర్లు గుర్తించి పెట్టిన వేలాది చిత్రాలు, ఎగిరిన దారులు దానికి ముందే చూపిస్తారు. గద్ద రెక్కలు కదపకుండా వేడిగాలి మీద సుడి తిరుగుతుంది. కొంగ నిదానంగా రెక్కలాడిస్తుంది. చిన్న పిట్టలు టపటపలాడిస్తాయి. ఆ లయ, వేగం, మలుపు చూసి ప్రోగ్రామ్ ఒక అంచనాకొస్తుంది. రాడార్ చూపిన వైపు కెమెరా తిరిగి ఆ అంచనాను సరిచూస్తుంది.

పేరు తెలిస్తే ఒరిగేదేమిటి?

చాలా ఉంది. గద్దలు మధ్యాహ్నం వేడిగాలి లేచే వేళ, కొంగలు వాన వెలిశాక పురుగుల కోసం వస్తాయి. ఒక్కోదాన్ని తరిమే పద్ధతి ఒక్కోటి. పైగా పక్షులు తెలివైనవి. పక్షుల్ని శబ్దంతో బెదరగొట్టేందుకు రోజూ ఒకే తీరుగా పేలే జోన్ గన్‌ను కొన్నాళ్లకు లెక్కే చేయవు. పక్షి వచ్చినప్పుడు మాత్రమే, శబ్దం మార్చి మార్చి మోగిస్తే ఆ అలవాటు అంత తొందరగా పడదు. రోజువారీ లెక్కలు పోగుపడితే ఏ కాలంలో, ఏ వేళలో, ఏ వైపు నుంచి గుంపులొస్తాయో కూడా ముందే ఊహించవచ్చు.

మరి లోపాలు?

ఐరోపా బాతుల చిత్రాలతో నేర్చిన యంత్రానికి మన గద్ద కొత్త. దానికి స్థానికంగా మళ్లీ నేర్పాలి. పొగమంచులో మామూలు కెమెరాకు పక్షి కనబడదు. అన్నిటికన్నా చేటు తప్పుడు అలారం. పదిసార్లు ఉత్తినే మోగితే పదకొండోసారి సిబ్బంది కదలరు.

ఇంతకీ గద్దలు వచ్చేది తిండి కోసం. అందుకే మన 1937 విమాన నిబంధనల్లోని 91వ నిబంధన విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు జంతువుల్ని కోయడాన్ని, చెత్త వేయడాన్ని నిషేధించింది. ఆ పరిధిలో మీ ఊరుంటే మాంసం వ్యర్థాల్ని బయట పారేయకండి. పారేసేవాళ్లు కనిపిస్తే పంచాయతీకో మున్సిపాలిటీకో చెప్పండి.