మీకు తెలుసా? కలర్ పెద్దదా, సీక్వెన్స్ పెద్దదా?

మూడు ముక్కలాటలో సీక్వెన్స్ (వరుస ముక్కలు) కలర్‌ను (ఒకే జాతి ముక్కలు) కొడుతుంది. అయిదు ముక్కల పోకర్‌లో అదే కలర్ సీక్వెన్స్‌ను కొడుతుంది.

ఏది అరుదుగా పడితే అదే పెద్దది, అంతే. 52 ముక్కల్లోంచి మూడు తీస్తే 22,100 రకాలుగా పడొచ్చు. ఒకే జాతి సీక్వెన్స్‌లను పక్కనపెడితే వాటిలో సీక్వెన్స్‌లు 720, కలర్‌లు 1,096. అయిదు తీస్తే సీక్వెన్స్‌లు 10,200, కలర్‌లు 5,108 మాత్రమే.

అలాగని మూడు ముక్కలాట లెక్క తప్పదనుకోకండి. అందులో ప్యూర్ సీక్వెన్స్‌లు (ఒకే జాతి వరుసలు) 48, ట్రయల్‌లు (ఒకే విలువ ముక్కలు మూడు) 52. లెక్కప్రకారం ప్యూర్ సీక్వెన్సే గెలవాలి. మనవాళ్లు మాత్రం మూడు ఆసులకే దణ్ణం పెడతారు!

ఈ లెక్కతో పనేంటంటారా? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. మరబోట్లు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉండే ఆ 61 రోజుల్లో ఎవరైనా పేక కలిపితే ఈ లెక్క పనికొస్తుంది, డబ్బులు పెట్టనంత వరకే సుమా. ఎందుకంటే సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటగా ఒప్పుకుంది గానీ, మూడు ముక్కలాటను కేవలం అదృష్టం కిందే జమకట్టింది.