తాళములోని బిళ్ళ: కొన్ని అపోహలు, వాస్తవములు

మాఘ ఫాల్గుణములలో వరంగల్లు ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టు ప్రాంగణమున మిర్చిబస్తాలు గుట్టలుగా పేరుకొని, ఆ ఘాటుకు దారిన పోవువారు సైతము తుమ్ముచుండగా, కాంటాలు ముగించుకొని వెలుపలికి వచ్చిన అడ్తిదారు తన కారువైపు తాళము చాచి మీట నొక్కుటయు, తలుపు తెరచుకొనకుండుటయు, చుట్టు మూగినవారు తలకొక సలహా చెప్పుటయు అపురూపమైన దృశ్యము కాదు. ఆ సలహాలలో అధికభాగము అపోహలే.

తాళపు రిమోటులోని బిళ్ళసెల్లు అయిపోయినచో బండి కదలదనునది వానిలో మొదటిది. దూరమునుండి తలుపు తెరచుటకు వలయు విద్యుత్తును ఆ బిళ్ళ యిచ్చునుగాని, తాళములోనే యుండి ఇంజనుకు అనుమతి నిచ్చు చిప్పునకు దానితో పని లేదు. కారులోని తీగచుట్ట పుట్టించు అయస్కాంతక్షేత్రమునుండియే ఆ చిప్పు తనకు కావలసిన స్వల్పశక్తిని గ్రహించును. కావున రిమోటులో ఇమిడియున్న లోహపు తాళముతో తలుపు తెరచి, బండిని యథాప్రకారము నడుపవచ్చును. బటన్ నొక్కి స్టార్టు చేయు కార్లలో పెక్కింటికి రిమోటును ఆ బటన్‌కే ఆనించియో, మాన్యువల్‌లో చూపిన చోట నుంచియో నొక్కిన చాలును.

సెల్లు తీసినంతనే రిమోటు తన కారును మరచునని, మరల ప్రోగ్రామింగు చేయింపవలయునని భయపడువారు కలరు. కాని కారును గుర్తించు సంకేతములు విద్యుత్తు లేకున్నను చెరగని స్మృతిలో నుండును. కొన్ని పాత నమూనాలకు మాత్రము మరల జత కలుపు చిన్న తతంగము కలదు, అదియు మాన్యువల్‌లోనిదే.

అన్నింటికంటె ఎక్కువగా నష్టపరచునది, "బిళ్ళలన్నియు ఒక్కటే గదా, ఏదైన నేమి" అను ఉదాసీనత. కుప్పలోని తాలుకాయను దూరమునుండియే పసిగట్టు వ్యాపారి సైతము ఈ బిళ్ళలయెడ మోసపోవుట వింత. పాత బిళ్ళను వెలికి తీసి, + గుర్తున్న ముఖమును వెలుతురుకు త్రిప్పి చూచినచో సీఆర్ 2032 అనియో, 2025 అనియో, 1632 అనియో చెక్కబడి యుండును. మొదటి రెండంకెలు వ్యాసమును మిల్లీమీటర్లలోను, చివరి రెండు మందమును మిల్లీమీటరులో పదవ వంతులలోను చెప్పును: 2032 అనగా 20 మిల్లీమీటర్ల వ్యాసము, 3.2 మిల్లీమీటర్ల మందము. ఇవన్నియు 3 వోల్టులవే యగుటచే ఒకదాని బదులు మరొకటి చెల్లునని తోచును. కాని 2032 చోట 2025 నుంచినచో 0.7 మిల్లీమీటరు వెలితి యేర్పడి, మీట ఒకమారు పలికి మరొకమారు పలుకదు. 2025 చోట 2032 ను దూర్చినచో లోపలి రేకులు వంగిపోవును. వెలితి పూడ్చుటకు వెండికాగితము మడిచి పెట్టు పరిష్కారము షార్టునకు ఆహ్వానమే.

పలుమార్లు చార్జి చేయవచ్చునని ఎల్ఐఆర్ 2032 కొనుట మరియొక తప్పు లెక్క: నిండుగా చార్జియైనపుడు అది 4.2 వోల్టుల వఱకు ఎగబ్రాకును, పైగా దానిలో నిలువయుండు విద్యుత్తు సీఆర్ బిళ్ళకంటె ఎన్నోరెట్లు తక్కువ. మీటరుపై 3 వోల్టులు చూపినంత మాత్రమున సెల్లు మంచిదనుటయు సరికాదు. లిథియము బిళ్ళ విశ్రాంతిలో నున్నపుడు కడవఱకు గంభీరముగ నిలిచి, పని చెప్పినపుడే నీరుగారును. కొనునపుడు విడిబిళ్ళను గాక, తేదీ ముద్రించి మూసిన పొట్లమునే అడుగుట మేలు.

ఇక మిగిలిన అపోహ కడు ప్రమాదకరమైనది. పిల్లవాడు బిళ్ళను మ్రింగినను నాణెమువలె రెండు మూడు దినములలో తానే బయటపడునని పెద్దలు ఊరడింతురు. కాని అన్నవాహికలో చిక్కుకొన్న బిళ్ళనుండి తడి కణజాలము గుండ విద్యుత్తు ప్రవహించి, ఋణధ్రువమువద్ద తీవ్రక్షారము పుట్టి, 2 గంటలలోనే గాఢముగ కాల్చివేయగలదు. కారు తలుపు తెరువలేని "చచ్చిన" సెల్లులో సైతము ఈ పనికి చాలినంత శక్తి మిగిలియుండును. అనుమానము కలిగినంతనే, వాంతి చేయింపక, ఎక్స్‌రే తీయగల ఆసుపత్రికి, మన వరంగల్లులో నైతే ఎంజీఎమ్‌కు, తక్షణము కొనిపోవలయును. తీసిన పాత బిళ్ళకు ఇరువైపుల టేపు అంటించి, పిల్లల చేతికందని చోట నుంచి, ఇ-వ్యర్థములు తీసికొనువారికి ఇచ్చివేయవలయును.