మెడలోని నాడి, ఛాతీలోని యంత్రం

మెదడు కాండం నుంచి బయలుదేరి, మెడకు ఇరువైపులా దిగి, గుండె, ఊపిరితిత్తులు, జీర్ణాశయం వరకు శాఖలు చాచే పదో కపాల నాడిని వేగస్ నాడి అంటారు. గుండె వేగాన్ని అదుపు చేసే నాడిగానే దీనికి ప్రసిద్ధి ఉన్నప్పటికీ, ఇందులోని తంతువుల్లో సుమారు 80 శాతం అవయవాల సమాచారాన్ని మెదడుకు మోసుకుపోయేవే. అందువల్లనే మెడలో ఈ నాడికి అందించిన స్వల్ప విద్యుత్తు, పుర్రెను తెరవనవసరం లేకుండా, మెదడును చేరగలుగుతుంది.

1880లలో న్యూయార్క్ వైద్యుడు జేమ్స్ లెనార్డ్ కార్నింగ్, మెదడులో రక్తం అధికం కావడమే మూర్ఛకు కారణమని నమ్మి, మెడలోని ధమనులను అదిమే సాధనానికి, చర్మం పైనుంచే వేగస్‌ను ప్రేరేపించే విద్యుత్ అమరికను జోడించాడు. ఆ సిద్ధాంతం నిలవలేదు, సాధనమూ మరుగున పడింది. 1938లో బెయిలీ, బ్రెమర్ అనే పరిశోధకులు వేగస్‌ను ప్రేరేపించినప్పుడు పిల్లుల మెదడు పైపొరలో విద్యుత్ తరంగాలు మారుతున్నాయని చూపగా, ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేకబ్ జబారా 1980లలో అదే పద్ధతితో కుక్కల్లో మూర్ఛను ఆపగలిగాడు. 1987లో హ్యూస్టన్‌లో సైబరోనిక్స్ సంస్థ ఏర్పడింది, మరుసటి ఏడాదే ఉత్తర కరోలినాలో తొలిసారిగా ఒక రోగికి ఈ యంత్రాన్ని అమర్చారు.

పేస్‌మేకర్‌ను పోలిన ఈ యంత్రాన్ని ఎడమ కాలర్‌బోన్ కింద చర్మం లోపల ఉంచి, దాని నుంచి వచ్చే తీగ కొసను మెడలోని ఎడమ వేగస్ నాడికి చుట్టలుగా తొడుగుతారు. గుండె లయను నిర్ణయించే కణుపుకు ప్రధానంగా కుడి వేగస్ శాఖలు చేరతాయి కనుక, ఎడమ నాడినే ఎంచుకుంటారు. సాధారణంగా 30 సెకన్లు విద్యుత్ స్పందనలు, ఆపై 5 నిమిషాల విరామం చొప్పున ఇది రేయింబవళ్లు పనిచేస్తుంది. ఫిట్స్ రాబోతున్నట్టు అనిపిస్తే, రోగి గానీ దగ్గరి వారు గానీ ఒక అయస్కాంతాన్ని ఛాతీ మీదుగా జరిపి అదనపు ప్రేరణ ఇవ్వవచ్చు.

యంత్రం ప్రయోజనాన్ని నిరూపించడం సులభం కాలేదు. స్వరపేటికకు వెళ్లే నాడి వేగస్ శాఖే కావడంతో, విద్యుత్తు పారినప్పుడు గొంతు బొంగురుపోతుంది, అంటే తనకు చికిత్స అందుతున్నదీ లేనిదీ రోగికి తెలిసిపోతుంది. ఈ చిక్కు వల్ల పరిశోధకులు, పోలిక కోసం కొందరికి విద్యుత్తును పూర్తిగా ఆపకుండా, అతి తక్కువ మోతాదులో ఇచ్చారు. సుమారు 200 మందిపై జరిగిన ఒక పరీక్షలో మూడు నెలలకు ఫిట్స్ సగటున ఎక్కువ మోతాదు వారిలో 28 శాతం, తక్కువ మోతాదు వారిలో 15 శాతం తగ్గాయి. 1997లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. ఇది మూర్ఛను నయం చేసే సాధనం కాదు. అయినా ఏ మందుకూ లొంగని మూర్ఛతో బతికే మనిషికి, కాలం గడిచేకొద్దీ పెరిగే ఈ ఉపశమనం చిన్నదని ఎంతమాత్రం అనలేము.

2005లో మందులకు లొంగని కుంగుబాటుకు లభించిన అనుమతి మాత్రం, పది వారాల ప్రధాన పరీక్షలో స్పష్టమైన తేడా కనిపించకపోవడంతో, వివాదాస్పదమైంది.

ఇటీవలి యంత్రాల్లో అసలైన మార్పు స్పందన వెలువడే సమయంలో వచ్చింది. మూర్ఛకు ముందు తరచుగా గుండె వేగం పెరుగుతుందని గుర్తించి, ఆ పెరుగుదలను పసిగట్టి తానే ప్రేరణ ఇచ్చే యంత్రం 2015లో అమెరికాలో ఆమోదం పొందింది. వేగస్ సంకేతాలు శరీరంలోని వాపును అణచగలవని కెవిన్ ట్రేసీ బృందం 2000లో చూపిన దాని ఆధారంగా రూపొంది, 2025లో ఆమోదం పొందిన రుమటాయిడ్ కీళ్లవాత చికిత్సలో, రోజుకు ఒక్క నిమిషం ప్రేరణే సరిపోతుంది. పక్షవాతం వల్ల చెయ్యి బలహీనపడిన వారి విషయంలో వ్యాయామ శిక్షకుడు, రోగి చెయ్యి కదిపిన క్షణానే మీట నొక్కి అర సెకను విద్యుత్తు పంపుతాడు. ఆ కదలికకు సంబంధించిన నాడీ సంధానాలు అప్పుడే బలపడతాయన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. 2021లో ప్రచురితమైన 108 మంది పరీక్షలో అందరికీ యంత్రం అమర్చి, ఒకే వ్యాయామం చేయించగా, మూడు నెలల తర్వాత చెప్పుకోదగ్గ మెరుగుదల ప్రేరణ పొందిన వారిలో 47 శాతం మందికి, విద్యుత్తు నామమాత్రంగానే అందిన వారిలో 24 శాతం మందికి కనిపించింది.