ముహూర్తం చూశారు... మరి ఆ టెస్టు?

మొన్న మా చెల్లి పెళ్లి అన్నవరం కొండ మీద. సత్రం గదిలో జడ వేస్తుంటే మెల్లగా అంది: "అక్కా, పెళ్లికి ముందే ఇద్దరం హెచ్‌ఐవీ టెస్టు చేయించుకుందామనుకున్నాం. ఎక్కడ చేస్తారో తెలీక ఊరుకున్నాం." డిగ్రీ చదివిన పిల్ల!

పక్కనున్న వదినని అడిగా. "ఛీ, పెళ్లింట ఆ మాటలేంటి!" అంది. తీరా తన ఫోన్లో దాచుకున్న పాత రిపోర్టులు చూస్తే, కడుపుతో ఉన్నప్పుడు తనకీ ఆ టెస్టు చేశారు. 'నాన్ రియాక్టివ్' అని ఉంది. అదేంటో తనకి ఎవరూ చెప్పలేదట.

ఆరోగ్య సర్వేల్లో అడిగేదీ ఇదే: పరీక్ష చేసే చోటు తెలుసా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హెచ్‌ఐవీపై సమగ్ర అవగాహన ఉన్న మహిళలు దేశం మొత్తమ్మీద 21.6 శాతమే. మా గదిలో లెక్క ఇంకా తక్కువేలెండి.

నిజానికి ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీల్లో ఈ టెస్టు ఉచితం. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు. మీరు ఒప్పుకుంటేనే రక్తం తీయాలి, ఫలితం బయటికి పొక్కకూడదు. 2017లో చేసిన చట్టమే ఉంది. దగ్గర్లో ఎక్కడుందో తెలీకపోతే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

కొండ దిగుతూ ఆ నంబరు చెల్లికి వాట్సాప్ చేశా. రాత్రికి రిప్లై: "సోమవారం వెళ్తున్నాం. అమ్మకి చెప్పకు."