మూలుగలో ఉక్కు కడ్డీ

మనిషి శరీరంలో అన్నిటికన్నా పొడవైనదీ, అన్నిటికన్నా గట్టిదీ తొడ ఎముక. అది నడిమికి విరిగినప్పుడు చుట్టూ ఉన్న బలమైన కండరాలు బిగుసుకొని, విరిగిన కొనలు ఒకదానిపై ఒకటి ఎక్కేలా లాగుతాయి. కాలు పొట్టిదై పక్కకు తిరుగుతుంది, కండరాల మధ్య లీటరుకు పైగా రక్తం పేరుకోవచ్చు. ముంజేతికి బద్దలు కట్టినట్లు ఈ ఎముకను బయటినుంచి కట్టి నిలపడం కుదరదు, ఎందుకంటే కట్టుకూ ఎముకకూ నడుమ మందమైన కండ ఉంటుంది, కట్టు ఎంత బిగించినా ఆ కండ లోపల ఎముక కదులుతూనే ఉంటుంది. బద్దలు కట్టే విద్య భారతదేశంలో చాలా పాతది. ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది వంటి చెట్ల పట్టలనూ వెదురునూ అందుకు వాడమని సుశ్రుత సంహిత చెప్పింది. కాలి ఎముకలు విరిగినవారిని పలకపై పడుకోబెట్టి, మేకులకు కట్టి, కదలకుండా ఉంచే కపాటశయనాన్నీ వివరించింది. రాయలసీమలో పేరుపడిన పుత్తూరు కట్టుకూ వెదురు బద్దలే ఆధారం. చర్మానికి దగ్గరగా ఉండి, విరిగినా పెద్దగా పక్కకు జరగని ఎముకలకు ఇటువంటి కట్లు ఆసరా ఇవ్వగలవు. తొడ ఎముక దగ్గర మాత్రం తూర్పు వైద్యమూ పడమటి వైద్యమూ శతాబ్దాలపాటు ఒకే విధంగా నిస్సహాయంగా నిలిచాయి.

పందొమ్మిదో శతాబ్దంలో లివర్‌పూల్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ తయారుచేసిన ఇనుప చట్రం, కాలిని నిడివిగా లాగి పట్టే బరువులు కొంత మేలు చేశాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ చట్రం ఎందరో సైనికుల ప్రాణాలు కాపాడింది. అయితే ప్రాణం దక్కిన తరువాత రోగి కాలికి బరువు వేలాడదీసుకొని రెండు మూడు నెలలు వెల్లకిల పడుకోవలసి వచ్చేది. వీపున పుండ్లు పడడం, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరడం, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, మోకాలు బిగిసిపోయి మళ్లీ వంగకపోవడం ఆ వార్డుల్లో నిత్యం కనిపించేవి. ఎముక అతికేది గానీ మనిషి పనికి తిరిగి వెళ్లగలడన్న నమ్మకం ఉండేది కాదు.

ఎముకను లోపలినుంచే పట్టి ఉంచవచ్చునన్న ఊహ అప్పటికే కొందరికి తట్టింది. తొడ ఎముక వెదురు బొంగు వలె లోపల డొల్లగా ఉంటుంది, ఆ డొల్లలో మూలుగ నిండి ఉంటుంది. 1890 ప్రాంతంలో బెర్లిన్‌లో థెమిస్టోక్లిస్ గ్లుక్ దంతపు కడ్డీలను ఆ మూలుగ దారిలో దించి చూశాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండు వైద్యుడు ఎర్నెస్ట్ హే గ్రోవ్స్ లోహపు కడ్డీలు వాడాడు. తూటా గాయాల్లో చీము పట్టడం వల్ల, అప్పటి లోహాలు శరీర ద్రవాల్లో తుప్పు పట్టి చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీయడం వల్ల ఆ ప్రయత్నాలు నిలవలేదు. జర్మనీలో క్రుప్ కర్మాగారం 1912లో క్రోమియం, నికెల్ కలిపి తుప్పు పట్టని ఉక్కును తయారుచేయడం ఈ కథకు అసలైన మలుపు. 1931లో బోస్టన్ వైద్యుడు మారియస్ స్మిత్ పీటర్సన్ మూడు రెక్కల మేకుతో తుంటి దగ్గర విరిగిన ఎముక మెడను బిగించిన ఫలితాలను ప్రకటించాడు. దానితో శరీరంలో లోహాన్ని వదలడంపై వైద్యులకున్న భయం కొంత తగ్గింది.

కీల్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పనిచేస్తున్న గెర్హార్డ్ కుంట్షెర్‌కు ఈ మూడు రెక్కల మేకు నచ్చింది. ఎముక మెడను పట్టగలిగిన మేకు ఎముక నిడివి పొడుగునా ఎందుకు పట్టకూడదని ఆయన అడిగాడు. 1900లో పుట్టిన ఈ సర్జన్‌కు యంత్రశాస్త్రంపై పట్టు ఉంది; ఎర్న్‌స్ట్ పోల్ అనే ఇంజనీరు ఆయనకు తోడయ్యాడు. వారిద్దరూ రూపొందించిన కడ్డీ అడ్డుకోతలో ఇంగ్లిషు వి అక్షరంలా, తరువాత మూడాకుల ఆకారంలో ఉండేది. నిండు కడ్డీకి బదులు ఒకవైపు చీలిక ఉన్న పలుచని రేకు గొట్టాన్ని ఎంచుకోవడంలో ఆయన తెలివి కనిపిస్తుంది: మూలుగ దారిలో దిగేటప్పుడు ఆ గొట్టం కొద్దిగా నలిగి, దిగాక విప్పారి, ఎముక లోపలి గోడలను స్ప్రింగులా నొక్కి పట్టుకుంటుంది. మరలు లేకుండానే పట్టు దొరుకుతుంది.

అంతకన్నా ముఖ్యమైన నిర్ణయం మరొకటి ఉంది. విరిగిన చోట కోయకుండా, తుంటి పక్కన చేతికి తగిలే ఎముక గడ్డ దగ్గర చిన్న కోత పెట్టి, అక్కడినుంచి సన్నని తీగను మూలుగ దారిలో మోకాలి వైపు నడిపి, ఆ తీగ వెంటే కడ్డీని దించాలని కుంట్షెర్ పట్టుబట్టాడు. విరిగిన చోట గడ్డకట్టే రక్తంలోనే కొత్త ఎముకకు బీజం ఉంటుంది; దాన్ని తెరిచి కడిగివేయకపోతే ఎముక త్వరగా అతుకుతుంది, సూక్ష్మజీవులు చేరే అవకాశమూ తగ్గుతుంది. 1939 నవంబరు 9న కీల్‌లో ఓడల కర్మాగారపు కార్మికుడొకరికి మొదటిసారి ఈ కడ్డీ వేశారు.

1940 మార్చిలో బెర్లిన్‌లో జర్మన్ సర్జన్ల సభలో ఈ పద్ధతిని వివరించినప్పుడు పెద్దలు పెదవి విరిచారు. మూలుగను చెరిపివేస్తే ఎముక చచ్చిపోతుందని, కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులను అడ్డగిస్తుందని వారు భయపడ్డారు. ఆ భయాల్లో రెండోది పూర్తిగా నిరాధారం కాదు, నేటికీ సర్జన్లు దాన్ని మనసులో ఉంచుకునే కడ్డీ దించుతారు. యుద్ధంలో కుంట్షెర్‌ను ఉత్తర ఫిన్లాండ్‌కు పంపడంతో అక్కడి వైద్యులు ఈ విద్యను ఆయన చేతిమీదుగానే నేర్చుకున్నారు. మిత్రపక్షాలకు ఈ సంగతి తెలిసిన తీరు విచిత్రమైనది. జర్మనీలో బందీలై విడుదలైన సైనికుల తొడలను ఎక్స్‌రే తీసినప్పుడు మూలుగ దారిలో నిలువుగా పొడవాటి లోహం కనిపించింది. ఆ సైనికులు తమ కాళ్లమీద తాము నడిచి వచ్చారు. 1945 మార్చిలో అమెరికా వారపత్రిక టైమ్ ఈ వింత గురించి రాసింది.

తొలి కడ్డీలో ఒక పెద్ద లోపం ఉంది. వంగకుండా ఆపగలిగినంతగా అది మెలితిరగకుండా ఆపలేదు. ఎముక నుజ్జయినప్పుడు కాలు కుంచించుకుపోకుండానూ ఆపలేదు. నడిమి భాగంలో అడ్డంగా విరిగిన ఎముకలకే అది సరిపోయేది. 1950లలో కుంట్షెర్ మూలుగ దారిని లోపలినుంచి తొలిచి వెడల్పు చేసే పనిముట్లు ప్రవేశపెట్టాడు. లావు కడ్డీ పడితే లాభం చాలా ఎక్కువ, ఎందుకంటే వంపును తట్టుకునే శక్తి వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల నిండు కడ్డీ స్థానంలో 12 మిల్లీమీటర్లది వేస్తే ఆ శక్తి రెట్టింపు దాటుతుంది. తొలిచినప్పుడు ఎముక గోడలో లోపలి భాగానికి రక్తం అందించే నాళాలు తెగుతాయి, అయినా ఎముకపై పొర నుంచి వచ్చే నాళాలు ఆ లోటును కొన్ని వారాల్లో పూరిస్తాయి. మెలితిరిగే సమస్యకు పరిష్కారం కడ్డీ రెండు కొనల్లోనూ రంధ్రాలు పెట్టి, చర్మం పైనుంచి ఎముకను, కడ్డీని, మళ్లీ ఎముకను దాటేలా అడ్డ మరలు బిగించడం. కుంట్షెర్ తన చివరి సంవత్సరాల్లో దీనికి బాట వేసి 1972లో మరణించగా, జర్మనీలో క్లెమ్, షెల్‌మన్, స్ట్రాస్‌బర్గ్‌లో గ్రోస్, కెంఫ్ దాన్ని వాడుకకు తెచ్చారు.

తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల్లో రోగులు రాడ్ వేశారని చెప్పుకునేది ఇటువంటి కడ్డీ గురించే. థియేటర్‌లో రోగి కాలిని లాగి పట్టే బల్ల, దాని పక్కన అర్ధచంద్రాకారంలో వంగి తెరపై ఎక్స్‌రే బొమ్మ చూపే సీ ఆర్మ్ యంత్రం ఉంటాయి. మోకాలి దగ్గరి రంధ్రం ఎముక లోతున, కంటికి కనబడని చోట ఉంటుంది. తెరపై అది కోలగా కనబడితే యంత్రం వంకరగా ఉందని అర్థం, అచ్చంగా గుండ్రంగా కనబడేదాకా యంత్రాన్ని జరిపి, ఆ గుండ్రం నడుమ డ్రిల్లు మొన ఆనించి తొలిస్తారు. ఆపరేషన్‌లో చేయి తిరగడానికి ఎక్కువ కాలం పట్టేది ఈ చివరి మరల దగ్గరే.

అమెరికాలోని సియాటిల్ సర్జన్లు 1984లో ప్రకటించిన 520 తొడ ఎముకల లెక్కలో 99 శాతానికి పైగా అతికాయి. 1989లో డాలస్ పరిశోధకులు మరింత విలువైన విషయం తేల్చారు: అనేక గాయాలతో వచ్చిన రోగికి తొడ ఎముకను 24 గంటల్లోపు స్థిరపరిస్తే, ఆలస్యం చేసినవారితో పోలిస్తే ఊపిరితిత్తుల చిక్కులు తగ్గుతాయి. అందువల్ల ఈ కడ్డీని నడకను తిరిగి ఇచ్చే సాధనంగానే గాక ప్రాణాన్ని కాపాడే సాధనంగా కూడా లెక్కించాలి. సీ ఆర్మ్ లేని పేద దేశాల ఆసుపత్రుల కోసం, వియత్నాం యుద్ధంలో సైనిక వైద్యుడిగా పనిచేసిన లూయిస్ జిర్కిల్ 1999లో సైన్ అనే సంస్థను స్థాపించి, రంధ్రం ఎక్కడుందో బయటినుంచే చూపే పట్టీ అమర్చిన కడ్డీని తయారుచేశాడు. రోడ్డు ప్రమాదాల్లో కాళ్లు విరిగే యువకులు ఎక్కువగా ఉన్నది ఆ దేశాల్లోనే కాబట్టి, కుంట్షెర్ తరువాత ఈ రంగంలో జరిగిన అత్యంత న్యాయమైన పని ఇదేనని చెప్పవచ్చు.

1980ల చివరిలో వచ్చిన గామా నెయిల్, ఆ తరువాతి పీఎఫ్ఎన్ వంటి పొట్టి కడ్డీలు వేరొక రోగి వర్గాన్ని ముందుకు తెచ్చాయి. వీరు స్నానాల గదిలో జారి పడి తుంటి విరుచుకున్న వృద్ధులు, ముఖ్యంగా స్త్రీలు. నిలుచున్న ఎత్తునుంచి పడితేనే ఎముక విరిగిందంటే ఎముక ముందే బలహీనపడిందని అర్థం. ముట్టు ఆగిపోవడంతో ఈస్ట్రోజెన్ తగ్గి ఎముక కరిగే వేగం పెరుగుతుంది. వయసు, తక్కువ బరువు, పొగ, మద్యం, కీళ్లవాతం, నెలల తరబడి వాడే స్టిరాయిడ్ మాత్రలు, తల్లికో తండ్రికో తుంటి విరిగిన చరిత్ర ఆ ముప్పును పెంచుతాయి. వీటిని కలిపి రాబోయే పదేళ్ల ముప్పును అంచనా వేసే ఫ్రాక్స్ అనే లెక్కను షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2008లో విడుదల చేసింది. ఎముక సాంద్రత ఎంత ముఖ్యమో, పడిపోవడానికి దారితీసే మసక చూపు, నిద్రమాత్రలు, కాళ్లలో సత్తువ లేకపోవడం కూడా అంతే ముఖ్యం.

తెలుగు నేలపై ఈ ముప్పుకు స్థానిక కారణాలూ ఉన్నాయి. తిరుపతి పరిశోధకులు 2007లో ప్రకటించిన అధ్యయనంలో ఎండకు కొదవలేని ప్రాంతపు ఆరోగ్యవంతుల్లో సైతం విటమిన్ డి లోపం విస్తృతంగా కనిపించింది. వారి ఆహారంలో కాల్షియం తక్కువగానూ, దాన్ని ఒంటికి పట్టనివ్వని ధాన్యపు ఫైటేట్లు ఎక్కువగానూ ఉన్నాయి. భారతదేశంలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు పాడవడాన్ని 1937లో మొదట వివరించింది నెల్లూరు జిల్లా నుంచే. నల్లగొండ దాని బరువును తరాలుగా మోసింది. ఫ్లోరైడ్ ఎముకను చిక్కబరుస్తుంది, బలపరచదు. 1990లో అమెరికాలో ఎముకలు గుల్లబారిన స్త్రీలకు ఫ్లోరైడ్‌ను మందుగా ఇచ్చి చూసినప్పుడు వెన్నెముక సాంద్రత బాగా పెరిగింది గానీ వెన్ను కాని ఎముకలు ఎక్కువగా విరిగాయి. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే ఎముక గట్టిదనుకోవడం పొరపాటని ఆ అనుభవం నేర్పింది.

కడ్డీకి తనదైన ఆయుష్షు ఉంది. అడుగు వేసిన ప్రతిసారీ లోహం కొద్దిగా అలసిపోతుంది; ఎముక సకాలంలో అతకకపోతే, పొగ తాగేవారిలోనూ చీము పట్టినవారిలోనూ జరిగినట్లు, చివరికి ఉక్కే విరుగుతుంది. అతికించే పని ఎముకదే, కడ్డీ దానికి వ్యవధి మాత్రమే ఇస్తుంది, బలహీనమైన ఎముకను అది బలపరచలేదు. పాశ్చాత్య దేశాల్లో తుంటి విరిగిన వృద్ధుల్లో సుమారు ఐదో వంతు మంది ఏడాదిలోపే మరణిస్తున్నారు. ఒకసారి ఎముక విరిగినవారికి మళ్లీ విరిగే ముప్పు దాదాపు రెట్టింపు. అందుచేత వృద్ధులకు రాడ్ వేయించి ఇంటికి తీసుకువెళ్లే కుటుంబాలు డిశ్చార్జి కాగితంలో కుట్లు విప్పే తేదీతో పాటు ఎముక సాంద్రత పరీక్ష, విటమిన్ డి పరీక్ష, ఎముకకు బలమిచ్చే మందు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే వైద్యుణ్ణి అడగాలి. ఆ మందుల్లో బిస్‌ఫాస్ఫోనేట్లను ఏళ్ల తరబడి వాడేవారిలో అరుదుగా తొడ ఎముకే అడ్డంగా చిట్లుతుంది. కనుక అవి వాడుతుండగా తొడలో కారణం తెలియని నొప్పి మొదలైతే ఆలస్యం చేయకుండా రెండు తొడలకూ ఎక్స్‌రే తీయించాలి.