చూసేవారికి వేడుక... కాపరికి జాగరణ

ఆఫ్రికా ఖండంలోని కెన్యా దేశంలో మసాయ్ మారా అనే అభయారణ్యం ఉంది. అడవి అనగానే మనకు తోచే దట్టమైన చెట్లు అక్కడ కానరావు. కనుచూపు మేర గడ్డి బీడు, అక్కడక్కడా గొడుగు పట్టినట్లుండే తుమ్మజాతి చెట్లు. సుమారు 1,510 చదరపు కిలోమీటర్ల ఈ బీడులో సింహాలను, ఏనుగులను చూడడానికి దేశదేశాల నుంచి యాత్రికులు వస్తారు. దీనినే సఫారీ అంటారు. అక్కడి స్వాహిలీ భాషలో ఆ మాటకు ప్రయాణమని అర్థం. మనవైపు ఉర్దూ తెలిసినవారు అనే ‘సఫర్’ కూడా ఇదే మాటకు చుట్టం.

ఉదయం 6 గంటలకు గేట్లు తెరుస్తారు. టాపు లేచే జీపుల్లో యాత్రికులు బయలుదేరుతారు. అనుమతించిన చోట తప్ప కిందికి దిగరాదు. రాత్రి వేటాడిన సింహాలు ఆ వేళకు గడ్డిలో దొర్లుతుంటాయి. రోజులో 20 గంటల దాకా వాటికి విశ్రాంతే. చీతా మాత్రం ఎక్కువగా పగలే వేటాడుతుంది. గంటకు దాదాపు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది గాని కొద్ది దూరమే పరుగెత్తగలదు. రొప్పుతూ కూర్చున్న సమయంలో దుమ్ములగొండ్లు వస్తే పట్టిన వేటను వదిలేసి పోతుంది.

నది దాటే మందలు

ఆవు ముఖం, గుర్రం తోక, మేక గడ్డం ఉన్నట్లు కనిపించే జంతువు వైల్డ్‌బీస్ట్. పక్కనున్న టాంజానియా దేశపు సెరెంగెటి మైదానంలో ఇవి 12 లక్షలకు పైగా ఉంటాయి. పచ్చిక వెతుక్కుంటూ జూలై నుంచి అక్టోబరు దాకా మందలు మందలుగా మారా నది దాటుతాయి. నదిలో మొసళ్లు కాచుకుని ఉంటాయి. తొక్కిసలాటలోనూ నీటి వేగానికీ ఏటా సగటున 6 వేలకు పైగా మునిగి చనిపోతున్నాయని పరిశోధకులు 2017లో లెక్కగట్టారు.

సాయంత్రం 6 గంటలకు యాత్రికుల సందడి ముగుస్తుంది. ఇక కాపరుల రాత్రి మొదలవుతుంది.

దొడ్డి వద్ద కాపలా

అభయారణ్యం చుట్టూ కంచె లేదు. పొలిమేరల్లో మసాయి ప్రజల ఊళ్లున్నాయి. పశువులే వారి ఆస్తి. చీకటి పడకముందే మందను ముళ్లకంప దొడ్డిలోకి తోలుతారు. అయినా సింహం దూకి ఆవును లాక్కుపోవడం కద్దు. పాడి పశువు పోతే ఆ ఇంటి కష్టమెంతో మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. 2015 డిసెంబరులో ఇలాంటి కోపంతోనే ఆవు కళేబరంలో పురుగుమందు కలపగా, మారాలో పేరుపొందిన గుంపులోని సింహాలు కొన్ని ప్రాణాలు విడిచాయి.

దీనికి రెండు ఉపాయాలు దొరికాయి. నైరోబీ అభయారణ్యం పక్కన ఉండే రిచర్డ్ టురేరే అనే బాలుడు, కదిలే వెలుగుకు సింహాలు జంకుతాయని గమనించాడు. పాత కారు బ్యాటరీ, సౌర ఫలకం, టార్చి బల్బులతో దొడ్డి చుట్టూ వంతులవారీగా మిణుకుమనే దీపాలు అమర్చాడు. మనిషి లాంతరుతో తిరుగుతున్నట్లు ఉండడంతో సింహాలు దగ్గరకు రాలేదు. అప్పటికి అతని వయసు 11 ఏళ్లు.

రెండవది కౌలు. మారా పక్కన పట్టాభూములున్న మసాయిలు వాటిని ఒక్కటిగా కలిపి వన్యమృగాలకు విడిచిపెట్టారు. అక్కడ బసలు నడిపేవారు భూయజమానులకు కౌలు చెల్లిస్తారు. అయితే ఆ భూముల్లో మేపడానికి ఆంక్షలుంటాయి. 2020లో కరోనా వల్ల యాత్రికులు రాక కౌలుసొమ్ము తగ్గినప్పుడు ఆ కుటుంబాలకు చిక్కొచ్చిపడింది.

జీపులోని యాత్రికుడు సింహాన్ని చూసేది ఒక్క పూట. దాని పక్కనే ఏడాది పొడుగునా కాపురం చేసేవాడు కాపరి. సఫారీ సొమ్ములో అతనికి రావలసిన వాటా సక్రమంగా ముట్టాలి. అప్పుడే అతను మందతోపాటు మృగాన్నీ బతకనిస్తాడు.