12 ఫొటోలే... అయినా చాలు!

ఊరి నుంచి అమ్మానాన్నలు ఇర్వింగ్ వచ్చారంటే మనవాళ్లు తప్పకుండా చూపించేవాటిలో లాస్ కొలీనాస్ గుర్రాలొకటి. విలియమ్స్ స్క్వేర్‌లో నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తే 9 కంచు గుర్రాలు! శిల్పి రాబర్ట్ గ్లెన్ చేసినవి. 1984 నుంచీ అక్కడే ఉన్నాయి. పెళ్లిళ్లు, సీమంతాలు, ఓణీల ఫంక్షన్లకు ఫొటోలు తీసుకుని బతికే మాకు అది ఆఫీసు లాంటిదే.

ఫిల్మ్ మీదే ఫొటో కావాలని అడిగేవాళ్లు మళ్లీ వస్తున్నారు. వాళ్ల కోసం ఏళ్లుగా నికాన్ ఎఫ్ఎం2 వాడాం. మంచి కెమెరా, వంక పెట్టలేం. పెద్దవాళ్ల దగ్గరే చిక్కు. కెమెరా కంటికి ఆనించగానే బిగుసుకుపోతారు. పైగా బటన్ నొక్కిన క్షణంలో లోపలి అద్దం పైకి లేచి మనకేమీ కనపడదు. సరిగ్గా అప్పుడే రెప్ప వాల్చారో ఏమో... రోల్ కడిగాకే తెలిసేది.

అందుకే యాషికా మ్యాట్ 124జీకి మారాం. 1970లో వచ్చిన రెండు కళ్ల కెమెరా. మన ఊళ్ల పాత స్టూడియోల్లో ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. పై లెన్స్ మనం చూడ్డానికి, కింది లెన్స్ ఫిల్మ్‌కి. అద్దం కదలదు కాబట్టి ఫొటో పడే క్షణం కూడా కనిపిస్తూనే ఉంటుంది. మెడలో వేసుకుని తలొంచుకుని చూడాలి. "ఏం బాబూ, బావిలోకి తొంగి చూస్తున్నావా?" అని ఓ పెద్దాయన నవ్వారు. మాకు కావాల్సింది ఆ నవ్వే!

కష్టాలూ ఉన్నాయి. కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. మనిషి అటు నడిస్తే మనం కెమెరా ఇటు తిప్పేస్తాం. లైట్ మీటర్‌కి పాదరసం బ్యాటరీ కావాలి, అమెరికాలో వాటి అమ్మకాన్ని 1996 చట్టం ఆపేసింది. ఇక చేతి మీటరే గతి. 120 రోల్‌కి 12 ఫొటోలే. 36 తీసిన చేతికి ఇది ఏకాదశి ఉపవాసమే!

టెక్సాస్ ఎండలో మాత్రం ఇదే గెలిచింది. మిట్టమధ్యాహ్నం కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, ఫ్లాష్ వేయాల్సిందే. మా ఎఫ్ఎం2లో 1/250 సెకను దాటితే ఫ్లాష్ కుదరదు. ఇందులో 1/500 దాకా పనిచేస్తుంది. అపర్చర్ పెద్దది చేసుకోవచ్చు, చిన్న ఫ్లాషే సరిపోతుంది.

వారంలో తిరుగు ప్రయాణమున్న ఒకమ్మ గుర్రాల దగ్గర నిలబడి, "బాగా తియ్యి నాయనా, రేపు దండేసేదీ దీనికేగా" అంది. "అమ్మా!" అని కొడుకు కసిరాడు. మేమేం మాట్లాడలేదు. మొదటి రెండింటికీ రెప్ప పడింది. తర్వాత నాలుగూ మరీ బిగుసుకున్నాయి. ఏడోదానికి కొడుకు కాలర్ సరిచేస్తూ ఏదో అని నవ్వింది. నొక్కాం. కళ్లు తెరిచే ఉన్నాయి, మేం చూశాం.

ఆవిడ ప్రింట్‌తోనే విమానమెక్కింది. కడగని రోల్స్‌తో వెళ్లేవాళ్లు మాత్రం వాటిని చెక్-ఇన్ పెట్టెల్లో వేయకండి. చేతి సంచీలోనే ఉంచుకోండి. ఎయిర్‌పోర్టుల్లో ఇప్పుడు పెడుతున్న సీటీ స్కానర్లు ఫిల్మ్‌ని పాడుచేస్తాయి. చేత్తో చూడమని టీఎస్ఏ వాళ్లని ముందే అడగండి.